ఖుర్రాలో రాని పేరు

2016లో మా ఆపా ఇంటికి రెండుసార్లు 'లేదు' అన్న మాట వచ్చింది. ఒకే ఏడాది, ఒకే ఇంటికి. కానీ ఆ ఇల్లు ఆ రెండు మాటల్నీ ఒకే రకంగా తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో మాకు అప్పుడు తట్టలేదు. తర్వాత చాలా ఏళ్ళు మా బుర్రలో నలుగుతూనే ఉంది.

మొదటిది హజ్ ఖుర్రా. తెలియని మిత్రుల కోసం చెబుతున్నాం. హజ్ కమిటీ ప్రతి రాష్ట్రానికీ ఇన్ని సీట్లని ఇస్తుంది. దరఖాస్తులు అంతకు మించి వస్తాయి. అప్పుడు చీటీలు తీస్తారు. ఇప్పుడు ఆ చీటీ కంప్యూటర్ తీస్తుంది. దాన్నే ఖుర్రా అంటాం. పేరొచ్చినవాళ్ళు వెళ్తారు. రానివాళ్ళు మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ ఏడాది ఆపా పేరూ, దుల్హేభాయ్ పేరూ రాలేదు. గల్లీ చివరింటి దంపతులకు వచ్చింది. దుల్హేభాయ్ ఆ సాయంత్రమే వెళ్ళి వాళ్ళను కావలించుకుని, మాకోసం దువా చేయండని చెప్పి వచ్చారు. "బులావా నై ఆయా" అన్నారు ఇంటికొచ్చి. పిలుపు రాలేదు, అంతే. ఆపా కొంగుతో కళ్ళొత్తుకుని రొట్టెలు చేయడానికి లేచింది.

రెండోది మా భాంజీ ర్యాంకు. ఆపా కూతురు ఆ ఏడు ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం పూర్తి చేసింది. డాక్టరు కావాలన్నది ఆ పిల్ల కోరికో, ఇంటిల్లిపాది కోరికో విడదీసి చెప్పలేం. తెలంగాణలో ఆ ఏడాది మెడిసిన్ ఆశపడ్డ పిల్లలకు జరిగింది గుర్తున్నవాళ్ళకు గుర్తే. మే నెలలో ఎంసెట్ రాశారు. అది ఎంబీబీఎస్‌కు చెల్లదన్నారు, సుప్రీంకోర్టు నీట్ రాయమంది. అంతలో ఆ ఒక్క ఏడాదికి రాష్ట్రాలే పరీక్ష పెట్టుకోవచ్చని కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. జులై 9న ఎంసెట్-2 రాశారు. ర్యాంకులొచ్చాయి. ఆ తర్వాత పేపరు లీకయిందని తేలి ప్రభుత్వం పరీక్షను రద్దు చేసింది. సెప్టెంబర్ 11న ఎంసెట్-3. మెడిసిన్ సీటు కోసం ఒకే పిల్ల అయిదు నెలల్లో మూడుసార్లు పరీక్ష రాసింది.

ఎంసెట్-2లో మా భాంజీది సీటొచ్చే ర్యాంకు. లెక్కలు తెలిసినవాళ్ళు చూసి ఖాయమన్నారు. ఇంట్లో మిఠాయి పంచారు. ఎంసెట్-3లో నాలుగు మార్కులు తగ్గాయి. ఆ నాలుగు మార్కుల మధ్యలో వందలమంది ఉన్నారు. సీటు రాలేదు.

మేం హైదరాబాద్ నుంచి పాలమూరు వెళ్ళేసరికి ఆ పిల్ల గది తలుపు వేసుకుని ఉంది. దుల్హేభాయ్ ఇషా నమాజు తర్వాత చాయ్ హోటల్లో కూర్చోవడం మానేశారు. ఆ నెలలో మా ఖాలా కొడుకు పెళ్ళయింది. తల్లీకూతుళ్ళు రాలేదు. హజ్ పేరు రానప్పుడు పక్కింటికెళ్ళి కావలించుకున్న మనిషి, కూతురికి సీటు రానప్పుడు పక్కింటివాళ్ళు ఎదురొస్తే గల్లీ మారి నడిచారు.

రాత్రి భోజనాలయ్యాక ఆ పిల్లే బయటికొచ్చింది. మా ఇళ్ళలో మాట్లాడుకునేది ఉర్దూయే. ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాం. "మామూ, జులైలో నాకు తెలివుండింది, సెప్టెంబర్‌లో పోయిందా?" అని అడిగింది.

మా నోటికి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "నసీబ్, బేటా."

అబద్ధం చెప్పామని అనుకోం. కానీ అనగానే ఏదో తప్పు చేసినట్టనిపించింది. ఎందుకంటే అదే మాట మేమూ విన్నాం, 1998లో. మేం కూడా ఎంసెట్ రాసినవాళ్ళమే. ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియం, తర్వాత తెలుగు మీడియం చదివి, బైపీసీ దాకా పాక్కుంటూ వెళ్ళాం. సీటు రాలేదు. అబ్బా మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని "నసీబ్ మే నై థా" అన్నారు. ఆ మాటతో దుఃఖం నిజంగానే తగ్గింది. బి.ఏ.లో చేరాం, పత్రికల్లో పడ్డాం. మంచి పనే, ఫిర్యాదు లేదు. కానీ ఆ మాట పైపైన నిద్రపుచ్చింది గానీ, లోపల ఇంకో మాట ఇరవై ఏళ్ళు మేలుకునే ఉంది. సైన్సు మనవల్ల కాదు, మనకంత బుర్ర లేదు అన్న మాట. అది ఎవరూ మా మొహాన అనలేదు. ర్యాంకు కార్డు అంది. మేం నమ్మాం.

ఖుర్రాకీ ర్యాంకుకీ తేడా ఇక్కడే ఉందనుకుంటాం. ఖుర్రా 'నువ్వు కాదు' అంటుందేగానీ 'నువ్వు తక్కువ' అనదు. తన గురించి తాను అబద్ధం చెప్పుకోదు. నేను చీటీని, నాకు కళ్ళు లేవు, నీ గుణం నాకు తెలీదు అని ముందే చెబుతుంది. ర్యాంకు అలా కాదు. అది తీర్పరి వేషంలో వస్తుంది. మొదటి వెయ్యిమందిని, చివరి లక్షమందిని అది నిజంగానే విడదీస్తుంది, కాదనం. చదివినవాడికీ చదవనివాడికీ తేడా పరీక్ష చెప్పగలదు. కానీ సీటు దాకా వచ్చి ఆగిపోయే ఆ గీత దగ్గర, ఒక మార్కుకు వందలమంది, కొన్నిసార్లు వేలమంది నిలబడి ఉండే చోట, అది కూడా చీటీయే. ఆ రోజు జ్వరముందా, బస్సు సమయానికి వచ్చిందా, రెండు జవాబుల మధ్య ఊగిసలాడినప్పుడు పెన్ను ఎటు ఒరిగింది – ఇవే అక్కడ నిర్ణయించేవి. కాకపోతే చీటీ అని ఒప్పుకోదు, మెరిట్ అంటుంది.

ఇది మా బాధ కొద్దీ చేస్తున్న వాదన అనుకునేవాళ్ళకు రెండు సంగతులు చెప్పాలి. 2020 నీట్‌లో ఇద్దరికి 720కి 720 వచ్చాయి. ఒడిశా కుర్రాడొకడు, ఉత్తరప్రదేశ్ అమ్మాయొకతి. ఇద్దరికీ ఒక్క తప్పూ లేదు. కుర్రాణ్ణి దేశానికి మొదటి ర్యాంకన్నారు, అమ్మాయిని రెండో ర్యాంకన్నారు. కారణం, వయసులో అబ్బాయి పెద్దవాడు. అప్పటి నియమం అది. ఆ కుర్రాడు ముస్లిం. ఫలితాలొచ్చిన రోజు మా వాళ్ళ ఫోన్లలో ఆ ఫోటో తిరిగింది, మేమూ గర్వపడ్డాం. గర్వపడాల్సిందే, 720 తెచ్చుకోవడం మాటలా! కానీ ఆ 'ఒకటి'కీ ఆ 'రెండు'కీ మధ్య ఉన్నది తెలివీ కాదు, కష్టమూ కాదు. పుట్టినతేదీ.

రెండో సంగతి 2024ది. నీట్‌కు 23 లక్షల పైచిలుకు పిల్లలు కూర్చున్నారు. సీట్లు లక్షకు కాస్త పైన. జూన్ 4న ఫలితాలిస్తే 67 మందికి 720 వచ్చాయి. దేశమంతా గగ్గోలెత్తింది. గ్రేస్ మార్కులు, మళ్ళీ పరీక్ష, పేపరు లీకు కేసులు – అవన్నీ పత్రికల్లో వచ్చాయి. మేం చెప్పేది వాటి నడుమ నలిగిపోయిన ఒక చిన్న ప్రశ్న సంగతి. ఫిజిక్సులో పరమాణువుల మీద ఒక ప్రశ్న. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవన్నట్టు ఉంది. కొత్త ముద్రణలో దాన్ని సరిదిద్ది, చాలా మూలకాలవి అని రాశారు. పాత పుస్తకం చదివినవాళ్ళు ఒక జవాబు పెట్టారు, కొత్తది చదివినవాళ్ళు ఇంకొకటి పెట్టారు. మొదట రెండింటికీ మార్కులిచ్చారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది, ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒకటే జవాబు సరైందన్నారు. సైన్సు ప్రకారం అదే నిజం. నాలుగు లక్షలకు పైగా పిల్లలకు అయిదేసి మార్కులు పోయాయి. మొదటి ర్యాంకు వాళ్ళు చివరికి 17 మంది మిగిలారు.

పాత పుస్తకం చదివేదెవరు? అన్న చదివి ఇచ్చిన పుస్తకం తమ్ముడు చదువుతాడు. కోఠీ ఫుట్‌పాత్ మీద, ఆదివారం ఆబిడ్స్‌లో సగం ధరకు కొన్నవాడు చదువుతాడు. ఇందులో ఎవరి కుట్రా లేదు. తప్పు రాసిన పుస్తకాన్ని సరిదిద్దడం నేరం కాదు. కానీ ఆ అయిదు మార్కులు పోయిన పిల్లాణ్ణి 'మెరిట్ తక్కువ' అని పిలవడానికి మనకు నోరెలా వస్తుంది?

అయితే అంతా లాటరీయేనా, ఎవరికీ ఏ బాధ్యతా లేదా అని అడుగుతారు. మా ఇంట్లోనే అడిగారు. ఇక్కడే మేం చాలాకాలం తికమకపడ్డాం.

ఒక్క పిల్ల సంగతి ఎవరూ ముందుగా చెప్పలేరు. వెయ్యిమంది పిల్లల సంగతి ఎవరైనా చెప్పగలరు. మా భాంజీకి సెప్టెంబర్‌లో ఏ ర్యాంకు వస్తుందో జ్యోతిష్కుడికీ తెలీదు. కానీ ఆ గల్లీ నుంచి వెయ్యిమంది పిల్లలు బయల్దేరితే అందులో ఎందరు ఆ కాలేజీ గేటు దాటతారో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. 2006లో సచార్ కమిటీ చెప్పింది: పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివేవాళ్ళలో పాతికమందికి ఒకరు ముస్లిం, పీజీలో యాభైమందికి ఒకరు. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో మేం నూటికి పదమూడు మందికి పైనే. చీటీ నిజంగా గుడ్డిదైతే ఇలా ఎందుకు పడుతుంది? గుడ్డి చీటీ ఒకసారి ఎడమకు పడితే ఇంకోసారి కుడికి పడాలి. తరతరాలుగా ఒకే పక్కకు ఒరిగే చీటీకి ఎవరో బరువు కట్టారన్నమాటే.

అందుకే ఆ రాత్రి మా నోట 'నసీబ్' రావడం తప్పనిపించింది. ఆ ఒక్క పిల్ల నాలుగు మార్కులకు అది సరైన మాటే. కానీ మా ఇళ్ళలో ఆ మాటకు హద్దు లేదు. దుకాణం తగలబడితే నసీబ్. పేరు విని ఇల్లు అద్దెకివ్వకపోతే నసీబ్. బ్యాంకువాడు అప్పు ఇవ్వకపోతే నసీబ్. ఉర్దూ స్కూల్లో సైన్సు టీచరు పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే అదీ నసీబే. 2017లో ఉర్దూ మీడియం పిల్లలు నీట్‌ను తమ భాషలో రాయలేకపోయారు. కొందరు దాన్ని నసీబ్ అనుకోకుండా సుప్రీంకోర్టుకు వెళ్ళారు కాబట్టి 2018 నుంచి ఉర్దూలో పేపరిచ్చారు. అల్లా రాసిందేదో, గుమాస్తా రాసిందేదో తేడా తెలియకుండా రెండింటికీ ఒకే మాట వాడితే లాభం గుమాస్తాకే.

అవతలివాళ్ళ దగ్గర ఇదే పనిచేసే మాట 'మెరిట్'. 1990లో మండల్ రోజుల్లో మేం స్కూలు పిల్లలం. గోడల మీద, పేపర్లలో, టీచర్ల నోట ఆ మాట మోగిపోయింది. పెద్దవాళ్ళమయ్యాక అర్థమైంది – తనకొచ్చిన చీటీని తన గుణమని చెప్పుకోవడానికి పనికొచ్చే మాట అది. మావాళ్ళు తమకు జరిగిన అన్యాయాన్ని అదృష్టంలో కలిపేస్తారు. వాళ్ళు తమకొచ్చిన అదృష్టాన్ని న్యాయంలో కలిపేస్తారు. రెండు మాటలూ ఒకదానికొకటి బాగా అతుకుతాయి.

పరీక్షే లేకుండా మనిషిని చూసి తీసుకుంటే బాగుంటుందనేవాళ్ళూ ఉన్నారు. మార్కులొక్కటే కాదు, వ్యక్తిత్వం చూడాలంటారు. వినడానికి మంచిదే. అమెరికాలో పెద్ద యూనివర్సిటీలు చేస్తున్నది అదే. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు హార్వర్డ్ జవాబు కోసం ఎదురుచూసే మార్చి నెలను మనవాళ్ళు ఎంసెట్ ఫలితాల కోసం ఎదురుచూసే నెలలాగే గడుపుతారు, ఇంకా ఎక్కువ గుబులుతో. ఎందుకు తీసుకున్నారో, ఎందుకు వద్దన్నారో ఎవరూ చెప్పరు. వందమంది అడిగితే నలుగురికి అటూఇటూగానే తీసుకుంటారు. ఈ 'వ్యక్తిత్వం' పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికితే మనలాంటివాళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. 1920లలో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు అయిదోవంతు దాటారు. మార్కుల మీద తీసుకుంటే వాళ్ళే వస్తున్నారు. 1922లో అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వాళ్ళకొక పరిమితి పెట్టాలన్నాడు. బాహాటంగా కోటా పెట్టడం కుదరలేదు. అప్పుడు దరఖాస్తు మారింది. తల్లి పుట్టింటి పేరు అడిగారు, నువ్వుగానీ మీ తండ్రిగానీ పేరు మార్చుకున్నారా అని అడిగారు, తర్వాత ఫోటో అడిగారు. మార్కులతో పాటు శీలం, నడవడి చూస్తామన్నారు. శీలం చాలామంది యూదు పిల్లలకు తక్కువైంది!

పేరు అడగడం వెనక ఉన్నదేమిటో మాకెవరూ వివరించక్కర్లేదు. హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగిన ముస్లింకి 'మీ పూర్తి పేరు?' అన్న ప్రశ్న బరువు తెలుసు.

వందేళ్ళ తర్వాత అదే హార్వర్డ్ మీద వచ్చిన కేసులో, ఆసియా సంతతి పిల్లలకు 'వ్యక్తిగత' మార్కు సగటున తక్కువ పడుతోందని రికార్డుల్లో బయటపడింది. కావాలని చేసిన వివక్ష కాదని 2019లో కింది కోర్టు అంది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు అసలు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడమే చెల్లదంది. దాంతో నల్లజాతి పిల్లలకున్న ఆసరా పోయింది. పూర్వవిద్యార్థుల సంతానానికున్న ఆసరా ఆ తీర్పులో చెక్కుచెదరలేదు. చూడండి, ఎవరి చీటీకి బరువు కట్టారో వాళ్ళ చీటీని ఎవరూ ముట్టుకోలేదు.

ఇక మా సంగతికొద్దాం. మా నాలుగు శాతం కథ కూడా ఊహకందని కథే. 2004 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు అయిదు శాతం రిజర్వేషన్ ఇచ్చింది, సెప్టెంబర్‌లో హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, నవంబర్‌లో అదీ కొట్టేసింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తీసుకుని, వెనుకబడిన ముస్లిం తెగలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరి 8న హైకోర్టులో ఏడుగురు జడ్జీల్లో అయిదుగురు చెల్లదన్నారు. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతరంగా కొనసాగించమంది. నడుమ నలభై అయిదు రోజులు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్ళు ఎలా గడిపారో మేం చూశాం. ఆ మధ్యంతర ఉత్తర్వు మీదనే ఏళ్ళ తరబడి పిల్లలు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. 2017లో తెలంగాణ శాసనసభ దాన్ని పన్నెండు శాతానికి పెంచుతూ బిల్లు చేసింది, అది ఢిల్లీ గడప దాటి రాలేదు. అంటే పిల్ల బుర్ర ఎంతుందన్నదే కాదు, ఏ ఏడాది ఇంటర్ పాసైంది, ఆ ఏడాది ఏ బెంచిలో ఎందరు జడ్జీలున్నారు అన్నది కూడా ర్యాంకులో భాగమే. 1998లో పాసైన మాకు ఏదీ లేదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే మాకు సుఖంగా ఉండేది. కానీ పక్కిల్లుంది.

మా భాంజీ 2017లో లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ రాసింది. బీసీ-ఇలో సీటొచ్చింది. మేం షేకులం, ఆ జాబితాలో ఉన్నాం. ఆపా పక్కింటివాళ్ళు పఠాన్లు. సయ్యదులు, మొగలులు, అరబ్బులు, ఇంకొందరితో పాటు వాళ్ళు ఆ జాబితాలో లేరు. వాళ్ళమ్మాయీ మా భాంజీ చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీ. ఆ ఏడాది వాళ్ళమ్మాయి ర్యాంకు మా పిల్ల కంటే మెరుగు. సీటు రాలేదు. ఆ అమ్మాయి తండ్రి ఆటో నడుపుతాడు. దుల్హేభాయ్‌ది సొంత చెప్పుల దుకాణం.

రిజర్వేషన్ తప్పని దీన్నిబట్టి మేమనం. తెగలను లెక్కించి, పేదరికాన్ని లెక్కించి వేసిన గీత అది. పఠాన్, సయ్యద్ అన్న పేర్ల వెనక చరిత్రలో జాగీర్లున్నాయి, పీర్జాదా హోదాలున్నాయి. ముస్లింలంతా ఒకటేనని చెప్పి ఆ చరిత్రను దాచడం కూడా అబద్ధమే. దూదేకుల, మెహ్తర్ బిడ్డల్ని మనమే పక్కన కూర్చోనివ్వని రోజులు మరిచిపోయామా? గీత ఎక్కడో ఒకచోట వేయాలి. కానీ వేసిన ప్రతి గీత దగ్గరా అవతల ఒక ఆటోడ్రైవరు కూతురు నిలబడి ఉంటుంది. గీత న్యాయమైనదే కావచ్చు, ఆ అమ్మాయికి జరిగింది న్యాయమని మాత్రం ఆమె మొహం చూసి చెప్పలేం. చెప్పగలిగే మాట ఒకటే – ఇందులో నీ తక్కువతనం ఏమీ లేదని. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. మా పిల్లకు సీటొచ్చిన సంతోషంలో ఉన్నాం.

అంతకంటే ఇబ్బందైన సంగతి దుల్హేభాయ్‌ది. సీటొచ్చిన వారానికే ఆయన మళ్ళీ చాయ్ హోటల్లో కూర్చున్నారు. కుర్రాళ్ళను పిలిచి "మెహనత్ కరో మియా, కష్టపడితే ఎందుకు రాదు?" అని చెప్పడం మొదలుపెట్టారు. పోయినేడు నసీబ్, ఈ ఏడు మెహనత్! పిల్ల అదే పిల్ల. ఓడినప్పుడు మా మాట, గెలిచినప్పుడు వాళ్ళ మాట. ఆయన్ని చూసి నవ్వుకున్నాం గానీ, సీటు కబురు తెలిసిన రోజు మేం చేసిన మొదటి ఫోన్లో అన్నదీ అదే: "చూశావా, కష్టపడింది, వచ్చింది."

నెదర్లాండ్స్‌లో ఈ పేచీకి వేరే దారి చూశారు. 1970ల నుంచి అక్కడ మెడిసిన్ సీట్లకు ఖుర్రా వేశారు. అర్హత ఉన్నవాళ్ళందరి పేర్లూ వేసి చీటీ తీయడం, మార్కులు బాగా ఉన్నవాళ్ళకు కాస్త ఎక్కువ అవకాశం. 1990లలో స్కూల్లో అద్భుతమైన మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి వరసగా చీటీ తగల్లేదు. దేశమంతా గొడవైంది, నియమాలు మారాయి. 2017 నాటికి ఖుర్రా తీసేసి కాలేజీలే ఎంచుకోమన్నారు. ఎంచుకోవడం మొదలయ్యాక కలిగినవాళ్ళ పిల్లలకే అది కలిసొస్తోందన్న ఆందోళన పెరిగింది. 2023లో ఖుర్రాను మళ్ళీ అనుమతించారు. హార్వర్డ్‌లో పాఠం చెప్పే మైకేల్ శాండెల్ కూడా 2020లో రాసిన పుస్తకంలో అదే సలహా ఇచ్చాడు – చదవగల సత్తా ఉన్నవాళ్ళను వేరుచేసి, ఆపైన చీటీ వేయండని. గెలిచినవాడి పొగరూ, ఓడినవాడి సిగ్గూ తగ్గుతాయని ఆయన ఆశ.

మన దగ్గర కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతికి చీటీలే తీస్తారు. చీటీ రాని ఆరేళ్ళ పిల్లను ఎవరూ మొద్దు అనరు.

ఈ మాట ఇంట్లో అంటే మా భాంజీయే ఎదురుతిరిగింది. అప్పటికి ఎంబీబీఎస్ మూడో సంవత్సరంలో ఉంది. "రెండేళ్ళు పొద్దున నాలుగింటికి లేచాను మామూ. దాన్ని చీటీ అంటే నాకెట్లుంటుంది?" అంది. సమాధానం చెప్పలేకపోయాం. ఆమె లేచింది నిజం. పక్కింటి పిల్లా నాలుగింటికే లేచింది, ఆ గదిలో లైటు ఈ గదిలోంచి కనిపించేది. అది కూడా ఆమే చెప్పింది, కాసేపాగి. హజ్ ఖుర్రా కూడా దరఖాస్తు పెట్టగలిగినవాళ్ళకే కదా అని ఇంకో ప్రశ్న వేసింది. డబ్బులేనివాళ్ళ పేరు ఆ కంప్యూటర్లోకే వెళ్ళదు. నిజమే. చీటీల పెట్టె ఎంత నిజాయితీదైనా, పెట్టె దాకా నడిచే దారి గురించి అది ఏమీ చెప్పదు. ఆ దారిలోనే సైన్సు టీచరు లేని స్కూలుంది, లక్షల కోచింగ్ ఫీజుంది, పదో తరగతితో ఆగిపోయే ఆడపిల్లలున్నారు. కొట్లాడాల్సింది ఆ దారి కోసం. పెట్టె ముందుకొచ్చి నిలబడ్డ పిల్లకు మాత్రం ఇది చీటీ అని చెప్పే ధైర్యం ఉండాలి.

పఠాన్ వాళ్ళమ్మాయి బీఎస్సీ, బీఎడ్ చేసి ఇప్పుడు టీచరు. ఈద్‌కు వాళ్ళింటి షీర్‌ఖుర్మా గిన్నె ఇటొస్తుంది, ఇటు గిన్నె అటెళ్తుంది. ఆ సీటు సంగతి రెండిళ్ళలో ఎవరూ ఎత్తరు.

ఆమె తమ్ముడు 2024లో నీట్ రాశాడు. ఆగస్టులో మేం వెళ్ళినప్పుడు మమ్మల్ని తన గదికి పిలిచి ఫిజిక్సు పుస్తకం చూపించాడు. అయిదు మార్కులు పోయిన నాలుగు లక్షలమందిలో వాడొకడు. కోఠీలో కొన్న పుస్తకం, అట్ట ఊడిపోయి ఉంది. పరమాణువుల పాఠంలో ఆ వాక్యం కింద ఎవరో పాత చదువరి పెన్సిలుతో గీత గీసి పక్కన నక్షత్రం గుర్తు పెట్టాడు.

"వాడికి సీటొచ్చిందేమో మామూ" అన్నాడు. "ఆ ఏడాదికి ఇదే కరెక్టు."

కొత్త పుస్తకం కొన్నావా అని అడిగాం. కొన్నాడట. మళ్ళీ రాస్తాడట. సాయంత్రాలు డౌట్లుంటే మా భాంజీకి ఫోన్ చేస్తున్నాడని వాళ్ళమ్మ లోపల్నుంచి చెప్పింది.